ఒకే ప్రియాన్ ప్రొటీన్, వేర్వేరు మెదడు జబ్బులు: తేడా ఎక్కడ ఉంది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. అనంతపురంలో ఉండే మీ మేనమామ గారు మతిమరుపు, తూలుడు మొదలైన నాలుగు నెలలకే పోయారు. బెంగళూరులో వెన్నునీటిని పరీక్షించి క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి, అంటే సీజేడీ, అని తేల్చారు. ఆ తరువాత మీరు చదివిన చోటల్లా కురు, మ్యాడ్ కౌ, నిద్ర పట్టక మరణించే వంశపారంపర్య జబ్బు అన్నీ ప్రియాన్ అనే ఒకే ప్రొటీన్ వల్ల వస్తాయని ఉంది. ఒకే ప్రొటీన్ ఇన్ని రకాల జబ్బులను ఎలా తెస్తుంది, మామయ్యది వాటిలో ఏది, ఆయన ఇష్టంగా తినే తలకాయ కూరకూ దీనికీ సంబంధం ఉందా, నాయనమ్మ గారి అల్జీమర్స్ కూడా ఈ కోవలోదేనా, అమ్మగారికి ముప్పు ఉందా అని అడిగారు. నేను బెంగళూరులో చాలా ఏళ్ళుగా న్యూరోపాథాలజీలో పని చేస్తున్నాను. ఇటువంటి మెదళ్ళను సూక్ష్మదర్శిని కింద చూడడం నా వృత్తిలో భాగం.

సూటిగా చెప్పాలంటే, ఈ జబ్బులన్నింటిలో ప్రొటీన్ ఒకటే. అది తప్పుగా మడతపడిన తీరు వేరు. ఒక్కొక్క మడత తీరు తనలాంటి మడతనే పక్కనున్న మామూలు ప్రొటీన్‌లో పుట్టిస్తుంది. మెదడులో ఏ భాగం ముందు దెబ్బ తింటుంది, రోగి నెలలు బతుకుతాడా ఏళ్ళు బతుకుతాడా అన్నవి చాలావరకు ఆ తీరును బట్టే ఉంటాయి. అల్జీమర్స్‌లో మడత చెడేది వేరే ప్రొటీన్లు. వ్యాపించే పద్ధతిలో పోలిక ఉంది గాని అది ప్రియాన్ జబ్బు కాదు. మీరు రాసిన వివరాలను బట్టి మీ మామయ్య గారిది ఏ కారణమూ లేకుండా తనంత తానుగా వచ్చే రకం అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ అది ఖాయమయ్యేది జన్యు పరీక్షతోనే.

ఇక కారణాలు. ప్రియాన్ ప్రొటీన్ అందరి మెదడులోనూ ఉంటుంది. 20వ క్రోమోజోము మీద ఉన్న పీఆర్ఎన్‌పీ అనే జన్యువు దానిని తయారు చేయిస్తుంది. మొదట 253 అమైనో ఆమ్లాల గొలుసుగా పుట్టి, రెండు కొసలూ కత్తిరింపు పడిన తరువాత సుమారు 210 మిగిలి, నాడీకణం పైపొరకు ఒక కొవ్వు లంగరుతో అంటుకొని ఉంటుంది. ఈ ఆరోగ్యకరమైన రూపంలో మూడు ఆల్ఫా మెలికలు ఉంటాయి. జబ్బు రూపంలో ఆ మెలికలు పోయి గొలుసులో చాలా భాగం బల్లపరుపు బీటా పొరలుగా మారి, ఒక అణువు మీద ఒకటి పేర్చినట్టు పోగులుగా ఏర్పడుతుంది. వైరస్‌గానీ బాక్టీరియాగానీ లేకుండా ఉత్త ప్రొటీనే జబ్బును మోసుకుపోగలదని 1982లో స్టాన్లీ ప్రుసినర్ అన్నప్పుడు నమ్మినవారు తక్కువ. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ సిద్ధాంతానికి ఎదురైన గట్టి ప్రశ్న సరిగ్గా మీరు అడిగినదే. వైరస్‌లో రకాలు ఉన్నాయంటే జన్యుపదార్థంలో మార్పు ఉందని అర్థమవుతుంది. జన్యుపదార్థమే లేని ప్రియాన్‌లో రకాలు ఎక్కడి నుంచి వస్తాయి? జంతికల గొట్టాన్ని తలచుకుంటే జవాబు కొంత తేలికవుతుంది. పిండి ఒకటే అయినా బిళ్ళ మారితే ఆకారం మారుతుంది. ఇక్కడి విచిత్రమల్లా ఒకసారి బయటికి వచ్చిన జంతికే తరువాతి పిండికి బిళ్ళగా పని చేయడం. అందువల్ల మొదటి మడత ఏ తీరున పడిందో ఆ తీరే లక్షల అణువుల దాకా సాగుతుంది.

ఇది ఉత్త ఊహ కాదనడానికి నాకు అన్నింటికంటే నచ్చిన నిదర్శనం 1996లో వచ్చిన ఎలుకల ప్రయోగం. ప్రాణాంతక వంశపారంపర్య నిద్రలేమితో మరణించిన రోగి మెదడు సారాన్ని కొన్ని ఎలుకలకు, సీజేడీ రోగుల మెదడు సారాన్ని మరికొన్ని ఎలుకలకు ఎక్కించారు. ఎలుకలన్నింటిలోనూ ఉన్నది ఒకే ప్రియాన్ జన్యువు. అయినా మొదటి గుంపు మెదళ్ళలో 19 కిలోడాల్టన్ల (ఇది అణువు బరువుకు కొలమానం) ప్రియాన్ ముక్క, రెండవ గుంపులో 21 కిలోడాల్టన్ల ముక్క కనిపించాయి. ఏ రోగి నుంచి తీసుకున్నారో ఆ రోగి మెదడులో కనబడిన ముక్కే ఎలుకలోనూ వచ్చింది. అమైనో ఆమ్లాల వరుస ఒకటే అయినప్పుడు మారింది ఆకారం తప్ప మరొకటి కాదు.

ఈ "ముక్కలు" ఏమిటో కొంచెం వివరించాలి, ఎందుకంటే మా ప్రయోగశాలలో రకాన్ని గుర్తించేది వీటితోనే. మెదడు ముక్కను నూరి, ప్రొటీనేజ్-కె అనే ఎంజైమును కలుపుతాము. మామూలు ప్రియాన్ ప్రొటీన్‌ను ఆ ఎంజైము పూర్తిగా జీర్ణం చేసేస్తుంది. జబ్బు రూపంలో పొరలు గట్టిగా కరచుకొని ఉండడం వల్ల లోపలి భాగం దానికి అందదు, బయటికి వేలాడే కొస మాత్రమే తెగుతుంది. మిగిలినదాన్ని వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ముక్కలను పరిమాణం ప్రకారం వేరుచేసి చూపే పరీక్ష) మీద చూస్తే ఒకదాని కింద ఒకటిగా మూడు పట్టీలు వస్తాయి: చక్కెర గొలుసులు రెండు ఉన్నది పైన, ఒకటి ఉన్నది మధ్యలో, అసలు లేనిది అడుగున. అడుగు పట్టీ 21 కిలోడాల్టన్ల దగ్గర ఉంటే ఒకటవ రకం, ఎంజైము 82వ అమైనో ఆమ్లం దగ్గర కోసిందని అర్థం. 19 దగ్గర ఉంటే రెండవ రకం, కోత 97 దగ్గర పడింది. ఫిల్ము మీద ఈ తేడా కొద్ది మిల్లీమీటర్లే. రెండు తెలిసిన నమూనాలను అటూ ఇటూ పెట్టి నడపకపోతే అలవాటైన కన్ను కూడా తడబడుతుంది.

దీనికి తోడు ఇంకొక అంశం ఉంది. ప్రియాన్ జన్యువులో 129వ స్థానంలో మనుషులలో కొందరికి మెథియోనిన్, కొందరికి వాలిన్ ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఎంఎం, ఎంవీ, వీవీ అని మూడు కలయికలు ఏర్పడతాయి. ఇది జబ్బు కాదు, కంటి రంగు వంటి సహజమైన తేడా. అయితే ఏ మడత తేలికగా నిలుస్తుందో ఈ ఒక్క అమైనో ఆమ్లం చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ కలయికనూ పైన చెప్పిన ముక్క రకాన్నీ జోడిస్తేనే సీజేడీ ఉపరకం వస్తుంది: ఎంఎం1, వీవీ2, ఎంవీ2 వగైరా. రోగుల కుటుంబాలు జబ్బు పేరు దగ్గరే ఆగిపోతాయి; నా మట్టుకు నాకు ఆ పేరుకంటే ఈ మూడు గుర్తులు ఎక్కువ చెబుతాయి.

వీటిలో ఎక్కువగా కనిపించేది ఎంఎం1. వేగంగా మతి పోవడం, చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు అదరడం, ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలో) ఒకే లయలో వచ్చే పదునైన తరంగాలు, సుమారు నాలుగు నెలల ఆయువు దీని లక్షణాలు. సూక్ష్మదర్శిని కింద మెదడు పైపొరలో సన్నని రంధ్రాలు, ప్రియాన్ రంగు వేస్తే దుమ్ము చల్లినట్టు పల్చటి పరపు కనిపిస్తాయి, ఫలకాలు (ప్రియాన్ ఒకచోట పేరుకున్న ముద్దలు) ఉండవు. వీవీ2లో కథ చిన్న మెదడు నుంచి మొదలవుతుంది. రోగి ముందు తూలుతాడు, మతి తరువాత తప్పుతుంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒకావిడను తూలుడు కోసం చాలా వారాల పాటు చెవి డాక్టర్ల చుట్టూ తిప్పారు. అప్పటికి ఆవిడ జ్ఞాపకశక్తి చక్కగా ఉండడమే అందుకు కారణం. ఎంవీ2లో నెమ్మది ఎక్కువ, ఏడాది దాటి బతికేవారు ఉంటారు. ఆ మెదళ్ళలో చిన్న మెదడు పలకను చూస్తే గుండ్రంగా, గులాబి రంగులో, అంచులు కిరణాల్లా చీలిన ఫలకాలు కనబడతాయి. కురు రోగులలో మొదట వర్ణించినవి కాబట్టి వాటిని కురు ఫలకాలు అంటారు. ఆ జబ్బు పేరు కూడా వినని రాయలసీమ రైతు మెదడులోనూ అవి అచ్చంగా అలాగే ఉంటాయి.

కురు ప్రస్తావన వచ్చింది కనుక: పాపువా న్యూ గినీలోని ఫోరే ప్రజలలో మరణించిన బంధువుల దేహాన్ని తినే ఆచారం వల్ల అది వ్యాపించింది. 1950ల చివర ఆచారం ఆగిపోయినా కొందరిలో 50 ఏళ్ళు దాటిన తరువాత జబ్బు బయటపడింది. దాని ప్రియాన్ గుణాలు తనంత తానుగా వచ్చే సీజేడీకి దగ్గరగా ఉన్నాయి. ఎప్పుడో ఒక మనిషికి అలా వచ్చిన సీజేడీయే ఆచారం ద్వారా ఊళ్ళకు పాకిందని నిపుణుల బలమైన అంచనా. అదే ఫోరే ప్రజలలో కొందరికి 127వ స్థానంలో గ్లైసిన్ బదులు వాలిన్ ఉంది. ఆ మార్పు ఉన్న ప్రొటీన్ జబ్బు మడతకు లొంగదని ఎలుకల ప్రయోగాలలో తేలింది.

మ్యాడ్ కౌ వల్ల మనుషులకు వచ్చిన జబ్బు, అంటే వేరియంట్ సీజేడీ, వీటన్నింటికంటే భిన్నం. బ్రిటన్‌లో 1986లో పశువులలో గుర్తించిన వ్యాధి 1996లో మనుషులలో బయటపడింది. అక్కడ 178 మంది దీనికి బలయ్యారు. మామూలు సీజేడీ అరవై దాటినవారి జబ్బు అయితే ఇది ఎక్కువగా ఇరవైలలో, ముప్ఫైలలో ఉన్నవారికి వచ్చింది. దిగులు, ప్రవర్తనలో మార్పు, కాళ్ళలో నొప్పులతో మొదలై ఏడాదికి పైగా సాగేది. బ్లాట్ మీద అడుగు పట్టీ 19 దగ్గరే ఉంటుంది గాని, మూడింటిలో పై పట్టీ అన్నింటికంటే దట్టంగా ఉంటుంది. ఎంఆర్‌ఐలో థాలమస్ (మెదడు నడిమధ్యనున్న భాగం) వెనుక వైపు మెరుస్తుంది. మెదడులో ఫలకం చుట్టూ రంధ్రాలు వలయంగా అమరి ఉంటాయి. ప్రియాన్ టాన్సిల్స్‌లో, అపెండిక్స్‌లో కూడా దొరుకుతుంది, అందుకే రక్తమార్పిడి ద్వారా కొందరికి సోకింది. మీ మామయ్య గారి వయసు, నాలుగు నెలల గమనం, మీరు రాసిన ఎంఆర్‌ఐ వివరం (మెదడు పైపొర అంచు రిబ్బనులా మెరిసింది, మెదడు లోతున ఉండే కాడేట్ అనే భాగం కూడా మెరిసింది) దీనితో పొసగవు.

తలకాయ కూర సంగతి. ఈ ప్రశ్న నన్ను మన తెలుగువారు తప్పకుండా అడుగుతారు. చాలా ఇళ్ళలో వండిపెట్టిన మనిషి లోలోపల కుమిలిపోతుంటుంది కూడా. గొర్రెలకు, మేకలకు స్క్రేపీ అనే ప్రియాన్ జబ్బు ఉన్న మాట నిజం. 1961లో హిమాలయ పాదప్రాంతపు గొర్రెలలో దీనిని వర్ణించారు కూడా. కానీ యూరప్‌లో రెండున్నర శతాబ్దాలకు పైగా ఈ జబ్బు ఉన్న మందల మాంసం తింటున్నా, మనుషులకు అది సోకినట్టు ఆధారం దొరకలేదు. స్క్రేపీ లేని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలోనూ సీజేడీ మిగతా ప్రపంచంలో ఉన్నంతగానే ఉంది: ఏటా పది లక్షల మందికి ఒకరిద్దరు. ఇక్కడ కూడా మడత తీరే అడ్డుగోడ. గొర్రె ప్రియాన్ ఆకారానికి మనిషి ప్రొటీన్ సులువుగా ఒదగదు. పశువుల ప్రియాన్ ఆకారం దురదృష్టవశాత్తు, అందులోనూ ముఖ్యంగా ఎంఎం కలయిక ఉన్నవారిలో, ఒదిగింది. భారతదేశంలో పశువులలో మ్యాడ్ కౌ వ్యాధి నమోదు కాలేదు. కాబట్టి మీ అత్తయ్య గారితో ఈ మాట నిస్సంకోచంగా చెప్పండి: ఆమె వంట వల్ల ఇది రాలేదు.

వంశపారంపర్య రకాలు మొత్తం ప్రియాన్ జబ్బులలో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఉంటాయి. వీటిలో మడత పాఠం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 178వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరజిన్ వచ్చే ఒక మార్పు ఉంది. అదే క్రోమోజోము మీద 129వ స్థానంలో మెథియోనిన్ ఉంటే థాలమస్ కరిగిపోయి నిద్ర పూర్తిగా పోయే జబ్బు వస్తుంది. అక్కడ వాలిన్ ఉంటే సీజేడీ వస్తుంది. దోషం ఒకటే, 129వ స్థానంలో దానికి తోడున్నది మారింది, మడత మారింది, జబ్బు మారింది. అంతకంటే ఆశ్చర్యం, ఏ జన్యుదోషమూ లేనివారిలో కూడా అరుదుగా అచ్చం అదే నిద్రలేమి జబ్బు వస్తుంది. వారి మెదడులోనూ 19 కిలోడాల్టన్ల ముక్కే, థాలమస్ నష్టమే. జన్యుదోషం ఆ మడతకు దారి సుగమం చేస్తుందే తప్ప, జబ్బును చేసేది మడతే అని నేను అనుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

జీఎస్ఎస్ (గెర్స్ట్‌మాన్-స్ట్రాస్లర్-షైంకర్) అనే మరొక వంశపారంపర్య రకంలో, ఉదాహరణకు 102వ స్థానంలో ప్రోలిన్ బదులు లూసిన్ వచ్చినప్పుడు, ఏళ్ళ తరబడి తూలుడు సాగుతుంది, ఒక్కొక్క ఫలకంలో అనేక కేంద్రాలు ఉంటాయి, బ్లాట్ మీద రెండు కొసలూ తెగిన సుమారు 8 కిలోడాల్టన్ల చిన్న ముక్క కనబడుతుంది. నేను ఎరిగిన ఒక కుటుంబంలో దీనిని రెండు తరాల పాటు తాగుడు వల్ల వచ్చిన తూలుడుగా లెక్కగట్టారు. ఆ ఇంట్లో తాగని ఆడపడుచుకు అదే నడక వచ్చాకగాని జన్యు పరీక్ష దాకా రాలేదు.

ఈ వర్గీకరణకు రెండు పరిమితులు ఉన్నాయి. ముక్క పరిమాణం అనేది ఆకారానికి పరోక్షమైన గుర్తు మాత్రమే, ఆకారం కాదు. క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ప్రియాన్ పోగుల అసలు అమరికను అణువు స్థాయిలో చూడడం 2021 నుంచే సాధ్యమైంది. రెండవది, ఒకే మెదడులో ఒకటవ రకం, రెండవ రకం కలిసి ఉండడం అరుదేమీ కాదు. ఒక్క చోటి నుంచి ముక్క తీసి రకాన్ని ప్రకటించడం నాకు సమ్మతం కాదు.

మీరు పంపిన రిపోర్టులోని ఆర్‌టీ-క్విక్ పాజిటివ్ అనే మాటకు అర్థం కూడా ఇక్కడే చెప్పాలి. వెన్నునీటిలో ఉన్న అతి కొద్ది జబ్బు ప్రియాన్‌కు ప్రయోగశాలలో తయారైన మామూలు ప్రొటీన్‌ను ఆహారంగా ఇచ్చి, కుదుపుతూ ఉంటే, మడత పాకిన కొద్దీ అందులోని రంగు పదార్థం వెలుగుతుంది. పాజిటివ్ వస్తే ప్రియాన్ జబ్బు అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అయితే మామూలుగా ఈ పరీక్ష "ఉంది" అని చెబుతుంది గాని "ఏది" అని చెప్పదు. రిపోర్టులో ఉన్న 14-3-3 అనే మరో ప్రొటీన్ అసలు ప్రియానే కాదు. నాడీకణాలు వేగంగా చనిపోతున్నాయన్న సూచన మాత్రమే, పక్షవాతంలోనూ మెదడువాపులోనూ పెరుగుతుంది. దీనిని ఒక్కదాన్నే చూసి సీజేడీ అని ఎవరికైనా చెబితే, రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చే మెదడువాపు కాదని రూఢి చేసుకున్నారా అని తప్పక అడగండి, ఎందుకంటే దానికి చికిత్స ఉంది.

ఇప్పుడు నాయనమ్మ గారి అల్జీమర్స్. అందులో మడత చెడేవి అమిలాయిడ్ బీటా, టౌ అనే రెండు ప్రొటీన్లు. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్. వీటిలో కూడా చెడిన అణువు పక్కదానిని చెరుపుతూ ఒక నాడీకణం నుంచి మరొకదానికి పాకుతుంది. ఆకారమే జబ్బును వేరు చేస్తుందన్న సూత్రం సైతం ఇక్కడ పనిచేస్తుంది: అల్జీమర్స్‌లో టౌ పోగు ఒక ఆకారంలో, పిక్స్ వ్యాధిలో ఇంకొక ఆకారంలో, తలకు పదేపదే దెబ్బలు తగిలే ఆటగాళ్ళలో మరొక ఆకారంలో మడతపడుతుందని 2017 నుంచి వరుసగా తేలింది. ఆల్ఫా సిన్యూక్లిన్ కూడా పార్కిన్సన్స్‌లో ఒక విధంగా, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలో మరొక విధంగా ఉంటుంది. అందుకే "ప్రియాన్ వంటి" అనే మాట పత్రికలలోకి వచ్చింది.

ఆ మాట వ్యాపించే పద్ధతికి సంబంధించినది, అంటుకోవడానికి కాదు. ఒక్క మినహాయింపు నిజాయితీగా చెప్పాలి. బ్రిటన్‌లో 1985 దాకా మృతుల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన ఎదుగుదల హార్మోనును పొట్టి పిల్లలకు సూది ద్వారా ఇచ్చేవారు. వారిలో కొందరికి సీజేడీ వచ్చింది. అలాంటివారి మెదళ్ళలో అమిలాయిడ్ బీటా కూడా చేరిందని 2015లో, సీజేడీ రాని మరికొందరిలో అల్జీమర్స్ లక్షణాలు కనిపించాయని 2024లో ప్రచురించారు. ఆ చికిత్స ఎప్పుడో ఆగిపోయింది. నాయనమ్మ గారికి అన్నం తినిపించడం వల్ల, స్నానం చేయించడం వల్ల ఎవరికీ ఏమీ రాదు. మీ మామయ్య గారికి సేవ చేసినవారి విషయంలోనూ అంతే. ప్రమాదం ఉన్నది మెదడు, వెన్నుపాము, కంటి లోపలి కణజాలాలతో పని చేసే మా వంటివారికి. కణజాలాన్ని నిలువ ఉంచే ఫార్మలిన్‌లో నానబెట్టినా ప్రియాన్ చావదు కాబట్టి మేము మెదడు ముక్కలను గాఢ ఫార్మిక్ ఆమ్లంలో గంటసేపు ఉంచిన తరువాతే ముందుకు పంపుతాము. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే మామూలు ఆటోక్లేవ్ వేడి దానికి చాలదు.

మందుల వైఫల్యానికి కూడా మడత తేడాలే ఒక కారణం. ఒక ఆకారాన్ని పట్టుకునే మందు ఎలుకలలో పని చేసి, మనిషి ప్రియాన్ దగ్గర విఫలమైన సందర్భాలు ఉన్నాయి. అందువల్ల ఇప్పుడు ఆకారాన్ని వదిలేసి మామూలు ప్రొటీన్ తయారీనే తగ్గించే యాంటీసెన్స్ మందు మీద మనుషులలో ప్రయోగాలు మొదలయ్యాయి. ప్రియాన్ జన్యువు తీసేసిన ఎలుకలకు ఈ జబ్బు ఎక్కదని 1993లోనే తేలింది కాబట్టి, నాకు ఈ దారి మీద మిగతావాటికంటే నమ్మకం ఉంది.

చివరగా అమ్మగారి సంగతి. తనంత తానుగా వచ్చే సీజేడీ అయితే తోబుట్టువులకు ముప్పు ఏమీ పెరగదు. జన్యుదోషం వల్ల వచ్చినదైతే ఆ దోషం అమ్మగారికీ ఉండడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. "మా వంశంలో ఎవరికీ లేదు" అన్న మాట మీద ఆధారపడకండి. 200వ స్థానంలో మార్పు ఉన్న కుటుంబాలలో పూర్వీకులలో ఎవరికీ జబ్బు ఉన్నట్టు తెలియకపోయినా జబ్బు బయటపడిన రోగులు ఎందరో ఉన్నారు. మామయ్య గారి రక్తం లేదా డీఎన్ఏ ఆసుపత్రిలో ఇంకా నిలువ ఉందేమో అడిగి, పీఆర్ఎన్‌పీ జన్యువును పూర్తిగా చదివించండి. రిపోర్టులో 129వ స్థానపు కలయికను కూడా రాయమని కోరండి. పరీక్ష ముందుగా ఆయన నమూనాకే జరగాలి, అమ్మగారికి కాదు. అందులో దోషం లేదని వస్తే అమ్మగారికి ఏ పరీక్షా అక్కరలేదు. దోషం ఉందని వస్తే, ఆమె తెలుసుకోదలచుకున్నారా లేదా అన్నది ఆమె నిర్ణయం; జన్యు సలహాదారుతో మాట్లాడకముందే ఆమె రక్తం ఇవ్వనవసరం లేదు. ఫలితం తెలిసే వరకు మీ అమ్మగారి వైపు రక్తసంబంధీకులు రక్తదానం ఆపితే చాలు.